జూన్ 21న చాప ఎటు వేయాలి?

వరంగల్ మట్టెవాడలో జూన్ 21న పొద్దు పొడిచేది ఉదయం 5 గంటల 37 నిమిషాలకు, కుంకేది సాయంత్రం 6 గంటల 50 నిమిషాలకు. నిమిషం అటూ ఇటూ. పగటి నిడివి 13 గంటల 12 నిమిషాలు. ఏడాదిలో ఇంతకు మించిన పగలు లేదు. ఇదే పేటలో డిసెంబరు 21న పగలు 11 గంటల 3 నిమిషాలు. అంటే అతి పెద్ద పగటికీ అతి చిన్న పగటికీ మధ్య తేడా 2 గంటల 9 నిమిషాలే.

ఈ చివరి అంకెను పడమటి దేశాలతో పోల్చి చూడాలి. లండన్‌లో జూన్ పగలు 16 గంటల 38 నిమిషాలు, డిసెంబరు పగలు 8 గంటలకు కూడా చాలదు. తేడా దాదాపు 8 గంటల 48 నిమిషాలు. మనవాళ్లు ఎక్కువగా స్థిరపడ్డ న్యూజెర్సీ ఎడిసన్‌లో ఈ తేడా 5 గంటల 50 నిమిషాల దాకా ఉంటుంది. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే దీపం పెట్టుకునే మనిషికి జూన్‌లో రాత్రి తొమ్మిదింటి దాకా వెలుతురుంటే పండగ కాక మరేమిటి? అందుకే ఆ దేశాల్లో కొన్నిచోట్ల ఆ రోజున మంటలు వేసుకుంటారు, ఆడిపాడతారు, ఈమధ్య యోగా చాపలూ పరుస్తున్నారు. మన దగ్గర 2 గంటల తేడా ఆరు నెలల మీద పరుచుకుని వస్తుంది. కరెంటు బిల్లులో తప్ప ఎవరి కంటికీ ఆనదు.

అయినా ఈ రోజు యోగా రోజుగా మన ఇళ్లలోకీ వచ్చేసింది. న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో 2003లో టిమ్ టాంప్కిన్స్, డగ్లస్ స్టీవర్ట్ కలిసి అయనాంతం నాటి, అంటే ఈ అతి పెద్ద పగటి నాటి, యోగాను మొదలుపెట్టారు. 2014 సెప్టెంబరు 27న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో ప్రధాని నరేంద్ర మోదీ యోగా దినోత్సవాన్ని ప్రతిపాదించారు. అదే ఏడాది డిసెంబరు 11న తీర్మానం ఆమోదం పొందింది. 193 సభ్య దేశాల్లో 177 దేశాలు దానికి సహప్రతిపాదకులు. 2015 జూన్ 21న ఢిల్లీ రాజ్‌పథ్‌లో 35,985 మంది ఆసనాలు వేశారు. పదేళ్లకు, 2025లో, విశాఖ సాగరతీరం వెంట ఆ సంఖ్య 3 లక్షలు దాటింది. దానికి ముందురోజు ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంగణంలో 22 వేల మందికి పైగా గిరిజన విద్యార్థులు 108 నిమిషాల పాటు సూర్యనమస్కారాలు చేశారు.

ఇంతమంది ఒకేసారి కదలాలంటే ఒక కొలత ఉండాలి. ఆయుష్ మంత్రిత్వ శాఖ తయారుచేసిన 45 నిమిషాల ఉమ్మడి యోగా క్రమం ఆ పనికి బాగానే పనికొస్తుంది. ప్రార్థన, కీళ్ల కదలికలు, ఆసనాలు, కపాలభాతి, ప్రాణాయామం, ధ్యానం, శాంతిపాఠం అన్నీ వరుసగా ఉంటాయి. అయితే అది కాశ్మీర్‌లోనూ అదే, కన్యాకుమారిలోనూ అదే. సూర్యుడి పేరిట చేసే రోజున మన ఊళ్లో సూర్యుడు ఎటున్నాడన్న ప్రశ్న అందులో లేదు. స్టేడియంలో అక్కర్లేదు కూడా. ఇంటి దాబా మీద ఒక్కరో ఇద్దరో చేసుకునేటప్పుడు మాత్రం ఆ ప్రశ్న వేసుకోవచ్చు. వేసుకుంటే జవాబులు కాస్త ఆశ్చర్యంగానే ఉంటాయి.

పొద్దు పొడిచే మూల

మొదటి జవాబు: ఆ రోజు సూర్యుడు తూర్పున ఉదయించడు. వరంగల్ 18 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి ఆనుకుని ఉంది. భూమి అక్షం 23.44 డిగ్రీలు వాలి ఉంది. ఈ రెండంకెలతో లెక్క కడితే, జూన్ 21న సూర్యోదయం సరిగ్గా తూర్పుకు కాకుండా ఉత్తరం వైపు 25 డిగ్రీలు జరిగి కనిపిస్తుంది. డిసెంబరులో అంతే దూరం దక్షిణానికి జరుగుతుంది. సరిగ్గా తూర్పున ఉదయించేది మార్చిలో, సెప్టెంబరులో విషువత్తు రోజుల్లోనే. ఖిలా వరంగల్‌లో కాకతీయులు నాలుగు దిక్కులా నిలిపిన కీర్తితోరణాల మధ్య నిలబడి తూర్పు తోరణం వైపు చూస్తే జూన్ సూర్యుడు తోరణంలోంచి కాక దానికి బాగా ఎడమగా పైకి వస్తాడు.

కాబట్టి చాపను తూర్పుకు వేసుకుని, తర్వాత తల వైపు ఉన్న కొసను ఎడమకు 25 డిగ్రీలు తిప్పాలి. కొలవడానికి పరికరం అక్కర్లేదు. నేల మీద గడియారం ఉందనుకుని 3 అంకెను తూర్పుకు పెడితే, సూర్యుడు వచ్చేది 2 అంకెకు కాస్త ఇవతల. గడియారంలో అంకెకూ అంకెకూ మధ్య 30 డిగ్రీలు కదా, అందులో అయిదు తగ్గించుకుంటే సరిపోతుంది.

మట్టెవాడలో దాబాలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. చాప అలా ఐమూలగా వేస్తే పక్క దాబా మీద బట్టలారేస్తున్న వాళ్లు అడక్కుండా ఉండరు.

“గట్ల వంకర ఏసినవేంది బిడ్డా, తూర్పు ఇటు గదా?”

“పొద్దు అటు పొడుస్తది పెద్దమ్మా.”

“అవు గదా. చలికాలంల గా ఇంటి దిక్కుకెల్లి వస్తది. గందుకే వడియాలు గీ మూలకు ఎండవెడ్త.”

డిగ్రీల ఊసు లేకుండానే ఆవిడకు ఆ 50 డిగ్రీల ఊగిసలాట అంతా తెలుసు. వడియాలు ఎండాలంటే తెలియక తప్పదు మరి.

ఇంకో చిక్కుంది. పంచాంగమో ఫోనో చెప్పే సూర్యోదయం దిగంతం దగ్గరి లెక్క. ఎదురింటి పిట్టగోడ, దాని మీది నీళ్ల ట్యాంకు అడ్డం ఉన్నప్పుడు సూర్యుడు కనీసం 5 డిగ్రీలైనా పైకి రావాలి. మట్టెవాడలో అది 6 గంటల 4 నిమిషాల ప్రాంతంలో జరుగుతుంది. కాబట్టి 5.37కి సూర్యుడు కనపడలేదని కంగారు పడక్కర్లేదు, అప్పటికి వెలుతురు మాత్రం నిండుగా వచ్చి ఉంటుంది.

మిట్టమధ్యాహ్నం ఉత్తరాన

అతి పెద్ద పగలు కాబట్టి ఆ రోజు సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడని చాలామంది అనుకుంటారు. మన దగ్గర ఉండడు. కర్కటరేఖ మనకు దాదాపు 600 కిలోమీటర్లు ఉత్తరాన ఉంది. జూన్ 21న సూర్యుడు నడినెత్తికి వచ్చేది ఆ గీత మీద ఉన్నవాళ్లకు. వరంగల్‌లో మధ్యాహ్నం 12 గంటల 13 నిమిషాలకు సూర్యుడు అత్యంత ఎత్తుకు చేరినప్పుడు నడినెత్తికి అయిదున్నర డిగ్రీలు ఉత్తరం వైపు వాలి ఉంటాడు. అప్పుడు మీటరు పొడవు కర్ర నిలబెట్టి చూడండి. తొమ్మిదిన్నర సెంటీమీటర్ల నీడ పడుతుంది, అదీ దక్షిణానికి. చలికాలమంతా ఉత్తరానికి పడే నీడను చూసినవాళ్లకు ఇది తమాషాగా ఉంటుంది. పిల్లలకు చూపించదగ్గ పని.

నీడ పూర్తిగా మాయమయ్యే రోజులు మనకు రెండున్నాయి. హైదరాబాద్‌లో అవి మే 9, ఆగస్టు 3. కొంచెం ఉత్తరాన ఉన్న వరంగల్‌లో మొదటిది మే 12 ప్రాంతంలో, రెండోది ఆగస్టు 1 ప్రాంతంలో వస్తాయి. నడినెత్తి సూర్యుణ్ని పండగ చేసుకోవాలంటే అసలు తేదీలు అవే. కానీ మే రెండో వారంలో మన ఎండలో బయట నిలబడి పండగ చేసుకునే ధైర్యం ఎవరికుంటుంది?

మరో మాట. జూన్‌లో సూర్యుడు మనకు దగ్గరగా ఉంటాడన్నదీ నిజం కాదు. భూమి సూర్యుడికి అత్యంత దూరంగా, 15.2 కోట్ల కిలోమీటర్లలో ఉండేది జులై మొదటి వారంలోనే. జనవరిలో ఆ దూరం 14.7 కోట్లు.

ఆరుద్ర కార్తె

పడమటి దేశాల లెక్కలో జూన్ 21 వేసవికి మొదటి రోజు. మన దగ్గర అప్పటికి ఎండాకాలం అయిపోతుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తె వెళ్లిపోతుంది, మృగశిర వచ్చి రెండు వారాలవుతుంది, జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర ప్రవేశిస్తుంది. కార్తె అంటే సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే కాలం. ఆకాశాన్ని 27 భాగాలు చేస్తే ఒక్కోటి 13.33 డిగ్రీలు. జూన్‌లో సూర్యుడు రోజుకు డిగ్రీ కంటే కాస్త తక్కువగా కదులుతాడు, కాబట్టి ఒక కార్తె 14 రోజులు. ఆరుద్ర కురిస్తే ఆరు కార్తెలు కురుస్తాయని రైతుల నమ్మకం. ఎర్ర మఖమల్ గుడ్డ తునకల్లా ఆరుద్ర పురుగులు తడి నేల మీదికి వచ్చేది, పత్తి గింజలు నేలలో పడేది ఈ రోజుల్లోనే. అయనాంతానికి మన పల్లెల్లో పండగంటూ ఏదైనా ఉంటే ఇదే. దానికెవరూ ఆ పేరు పెట్టలేదు, అంతే.

ఈ పొంతన ఎప్పటికీ ఉండేది కాదు. భూమి అక్షం బొంగరంలా మెల్లగా తిరుగుతుండటం వల్ల నక్షత్రాల లెక్కా రుతువుల లెక్కా సుమారు 72 ఏళ్లకు ఒక డిగ్రీ చొప్పున విడిపోతుంటాయి. అందుకే ఖగోళం ప్రకారం దక్షిణాయనం జూన్ 21న మొదలైనా, పంచాంగంలో కర్కాటక సంక్రాంతి జులై 16 ప్రాంతంలో వస్తుంది. తేడా 25 రోజులు. మట్టెవాడకు కొద్ది కిలోమీటర్ల దూరంలో, హనుమకొండలో రుద్రదేవుడు వేయిస్తంభాల గుడి కట్టించింది 1163లో. శివుడు, విష్ణువుతో పాటు సూర్యుడికీ చోటిచ్చిన త్రికూటాలయం అది. ఆనాటికి ఈ తేడా 13 రోజులే. అప్పట్లో ఆరుద్ర కార్తె అయనాంతానికి 11 రోజులు ముందే వచ్చేసేది. రెండూ ఒకరోజు తేడాతో పక్కపక్కన వచ్చి కూర్చున్నది మన కాలంలోనే. దక్షిణాయనం ఏ తేదీన అని వాదించుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకుంటే వాదన సగం తగ్గుతుంది.

108 ఎవరికి?

ఇప్పుడు చాప మీదికి వద్దాం. అయనాంతం యోగా అంటే 108 సూర్యనమస్కారాలని ఒక వాడుక స్థిరపడిపోయింది. ఒక్కో నమస్కారంలో 12 భంగిమలు కాబట్టి మొత్తం 1,296 కదలికలు. నిమిషానికి ఒకటి చేసినా గంటా 48 నిమిషాలు. 5.37కి మొదలుపెడితే అయ్యేసరికి 7.25. అప్పటికి సూర్యుడు 23 డిగ్రీల ఎత్తుకు చేరతాడు.

శరీరానికి దీని ఖర్చెంత? కదలకుండా కూర్చున్నప్పుడు ఖర్చయ్యే శక్తిని 1 అనుకుంటే, సూర్యనమస్కారాలకు 3.3 అని వ్యాయామ శాస్త్రజ్ఞులు వాడే ప్రామాణిక పట్టిక చెబుతుంది. ఆసనాలతో సాగే మామూలు హఠయోగానికి 2.5. 60 కిలోల మనిషికి గంట సూర్యనమస్కారాలకు సుమారు 198 కేలరీలు, 108 నిమిషాలకు 356. చూడటానికి పెద్ద అంకె కాదు. కానీ ఇందులో ఎక్కువ భాగం ఒంట్లో వేడిగా మారుతుంది, ఆ వేడి బయటికి పోవాలి. లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే దాదాపు 580 కేలరీల వేడిని తీసుకుపోతుంది. అంటే 108 నమస్కారాల వేడి దిగాలంటే 600 మిల్లీలీటర్ల చెమట ఆవిరి కావాలి. ఇక్కడ ముఖ్యమైన మాట ఆవిరి. ఆరుద్రలో ముందురోజు వాన పడి, గాలి ఆడక, దాబా ఉక్కగా ఉన్న ఉదయం చెమట ఆవిరి కాదు, చాప మీద బొట్లుబొట్లుగా కారుతుంది. కారిన చెమట ఒంటిని చల్లబరచదు, నీళ్లూ ఉప్పూ పోగొడుతుంది, అంతే. అదే 12 నమస్కారాలైతే 40 కేలరీలు, 70 మిల్లీలీటర్ల చెమట. ఇది చాలామంది శరీరం తట్టుకునే లెక్క.

గుండె సంగతీ చూడాలి. 2011లో వెలువడిన ఒక అధ్యయనంలో, రెండేళ్లకు పైగా అలవాటున్న ఆరుగురి గుండె వేగం సూర్యనమస్కారాల రౌండ్లు సాగేకొద్దీ గరిష్ఠ స్థాయిలో 80 నుంచి 90 శాతానికి చేరింది. ఆరుగురితో తేలేది తక్కువే, ఒప్పుకుంటాను. కానీ అలవాటున్నవాళ్లకే అలా ఉంటే, ఏడాది పొడవునా కుర్చీలో కూర్చుని జూన్ 21న ఒక్కసారిగా 108కి దిగే యాభై ఏళ్లాయన పరిస్థితి ఊహించుకోవచ్చు. బీపీ, గుండె జబ్బు, గ్లకోమా ఉన్నవాళ్లు, గర్భిణులు తల కిందికి వంచే భంగిమలు, ఊపిరి బిగబట్టడం డాక్టరును అడిగాకే చేయాలి.

సంప్రదాయం ఒప్పుకోదేమోనన్న బెంగ వద్దు. సూర్యోపాసన ప్రాచీనమే. రథసప్తమి నాడు నెత్తిన జిల్లేడాకులు పెట్టుకుని స్నానం చేసే ఇళ్లకు వేరే చెప్పాలా? కానీ సూర్యనమస్కారాలను రోజువారీ వ్యాయామంగా ఊరూరా ప్రచారం చేసింది మహారాష్ట్రలోని ఔంధ్ సంస్థానాధీశుడు భవాన్‌రావ్ పంత్ ప్రతినిధి, అదీ 1920లలో. వందేళ్ల వాడుకను మనకు తగినట్టు సవరించుకుంటే అపచారమేమీ కాదు. పైగా 12 అన్న అంకె ఆ ప్రక్రియలోనే ఉంది. మిత్ర, రవి, సూర్య, భాను అని మొదలై భాస్కర దాకా 12 నామాలు. నామానికో నమస్కారం. నా లెక్కన మట్టెవాడ జూన్‌కు అదే సరైన కొలత. ఒంట్లో ఓపిక ఉండి, రోజూ అలవాటున్నవాళ్లు 24 చేయండి, 36 చేయండి. 108 చేసి తీరాలనుకుంటే మన పక్కన డిసెంబరు ఉంది, చలీ ఉంది.

ఒక గంట పది నిమిషాలు

ఇలా చేసి చూడొచ్చు. దీపం లేకుండా పనులు చేసుకోగల తొలి వెలుతురు 5.13కి వస్తుంది. దానికీ సూర్యోదయానికీ మధ్య 24 నిమిషాలు. రాత్రి వాన పడి ఉంటే ముందు దాబా తుడుచుకోవాలి. నాచు పట్టిన చోట తడి చాప జారుతుంది, ఆ రోజు వరండా మేలు. మొదటి పది నిమిషాలు కూర్చుని నాడీశోధన: ఒక ముక్కుతో పీల్చి మరో ముక్కుతో వదలడం, బిగబట్టకుండా. తర్వాత మెడ, భుజాలు, నడుము, మోకాళ్లు, చీలమండలు కదిలించడం. 5.37కి లేచి, చాపను ఆ ఈశాన్య మూలకు తిప్పుకుని, 12 నమస్కారాలు.

వేగం విషయంలో ఒక లెక్క ఉపయోగపడుతుంది. పీల్చుతూ ఒక భంగిమ, వదులుతూ మరొకటి అనుకుంటే నమస్కారానికి 6 శ్వాసలు. నిమిషానికో నమస్కారమైతే నిమిషానికి 6 శ్వాసలు. మన యోగ గ్రంథాలు రోజుకు 21,600 శ్వాసలని చెబుతాయి, అంటే నిమిషానికి 15. పెద్దవాళ్లు విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 12 నుంచి 20 శ్వాసలని ఇప్పటి వైద్యం చెప్పేదానికి ఆ అంకె చక్కగా మధ్యలో పడుతుంది. ఆ లెక్కన జూన్ 21 పగలు మొత్తం 11,880 శ్వాసలు, డిసెంబరు పగలు 9,945. ఆరుతో సాగించలేక ఆయాసం వస్తే వేగం పెంచకండి, మధ్యలో నిలబడి రెండు ఊపిరులు తీసుకుని కొనసాగించండి.

ఆ తర్వాత నిలబడి త్రికోణాసనం, కూర్చుని పశ్చిమోత్తానాసనం, వక్రాసనం, పడుకుని సేతుబంధం. ముందుకు వంగే ఆసనాలు ఎక్కువ, వెనక్కి విరిచేవి తక్కువ. ఎదురింటి ట్యాంకు మీదుగా ఎండ చాప మీద పడేసరికి శవాసనానికి వేళవుతుంది. దాన్ని ఎనిమిది నిమిషాల కంటే తగ్గించకండి. నాలుక చుట్టి గాలి పీల్చే శీతలి ప్రాణాయామం ఉక్కలో ఒంటి వేడిని దించేంత పని చేయదు. నోటికి చల్లగా ఉంటుంది, మనసు నెమ్మదిస్తుంది. జలుబు ఉంటే మానేయాలి. 6.25కి లేచి నిలబడితే మీ నీడ మీ ఎత్తుకు దాదాపు ఆరు రెట్లుంటుంది. అది మీ ఎత్తుకు సమానమయ్యేది 9 గంటలకు. అప్పటి నుంచి మధ్యాహ్నం 3.25 దాకా, నీడ మనిషి కంటే పొట్టిగా ఉన్నంతసేపూ, ఆరుబయట యోగా వద్దు. వరంగల్‌లో మబ్బు లేని జూన్ మధ్యాహ్నం అతినీలలోహిత సూచి 11 దాటుతుంది. 3కి చేరితేనే జాగ్రత్త పడమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ.

ఆ రోజే వాన పడితే? దిగులక్కర్లేదు. విషువత్తు రోజుల్లో మన పగలు రోజుకు ఒక నిమిషం చొప్పున మారుతుంది. అయనాంతం దగ్గర ఆ మార్పు దాదాపు ఆగిపోతుంది. జూన్ 16 పగటికీ, 26 పగటికీ 21 నాటి పగలుతో తేడా 20 సెకన్లకు మించదు. ఆ పది రోజుల్లో ఏ ఉదయం తెరిపిస్తే ఆ ఉదయం, ఆదివారం కుదిరితే ఆదివారం. ఉదయం లేవలేనివాళ్లకు సాయంత్రం ఇంకా అనుకూలం. అన్నిటికంటే తొందరగా పొద్దు పొడిచేది జూన్ మొదటి వారంలోనే అయిపోతుంది కానీ, అన్నిటికంటే ఆలస్యంగా కుంకేది జులై 7 ప్రాంతంలో. పడమటికి కుడివైపు 25 డిగ్రీలు తిరిగి కూర్చోవాలి. అయితే ఆ వేళ దోమలూ వస్తాయి, కాళ్లు కప్పే బట్టలు వేసుకోండి.

మెల్‌బోర్న్‌లో ఉంటున్న మన పిల్లలకు ఈ లెక్కలన్నీ తిరగబడతాయి. జూన్ 21 వాళ్లకు ఏడాదిలో అతి చిన్న పగలు, 9 గంటల 32 నిమిషాలు. 7.35కి గానీ తెల్లారదు, మధ్యాహ్నం సూర్యుడు 29 డిగ్రీలకు మించి పైకి రాడు. చలికి ఒళ్లు బిగిసి ఉంటుంది కాబట్టి 12తో సరిపెట్టుకోకుండా ఇంకాసేపు చేసుకోవచ్చు, ఇంట్లోనే. ఒక్కటి మాత్రం మారదు: వాళ్లూ చాపను తూర్పు నుంచి ఎడమకే తిప్పాలి, 25 కాదు, 30 డిగ్రీలు.